ఫిల్ముకోసం పుట్టిన లెన్సు, సెన్సరు ముందు

సభకు నమస్కారం.

నా చేతిలో ఉన్న ఈ లెన్సు పేరు హీలియోస్ 44-2. నాభ్యంతరం, అంటే ఫోకల్ లెంగ్త్, 58 మిల్లీమీటర్లు. అపర్చర్, అంటే కాంతిని లోపలికి వదిలే రంధ్రం, పూర్తిగా తెరిస్తే ఎఫ్/2; ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ కర్మాగారంతో మొదలై, సోవియట్ కాలంలో ఇవి లక్షల సంఖ్యలో తయారయ్యాయి. దీని లోపలి గాజుల అమరిక జర్మనీలోని జైస్ సంస్థవారి బయోటార్ అనే లెన్సు నుంచి వచ్చింది. ఇందులో మోటారు లేదు, చిప్పు లేదు, కెమెరాతో కబురు నడిపేందుకు ఒక్క రాగి ముక్క కూడా లేదు. అయినా ఈ ఏడాది వచ్చిన డిజిటల్ కెమెరాకు దీన్ని తగిలిస్తే బొమ్మ పడుతుంది, కొన్నిసార్లు చాలా బాగా పడుతుంది.

పాత లెన్సుల్లో ఏదో మహత్తు ఉందని నమ్మేవారు కొందరు, అవి సెన్సరు ముందు, అంటే డిజిటల్ కెమెరాలో ఫిల్ముకు బదులుగా కాంతిని పట్టే పలక ముందు, నిలవలేవని తీసిపారేసేవారు కొందరు. ఇరవై ముప్ఫై పాత లెన్సులతో కొన్నేళ్లు కుస్తీ పట్టాక నాకు రెండు మాటలూ తొందరపాటుగానే తోస్తున్నాయి. ఈ లెన్సుకు లెక్క కట్టిన మనిషి తన ఎదురుగా ఊహించుకున్నది ఫిల్మును. ఆ ఫిల్ము మెరవదు, దాని ముందు గాజు పలక ఉండదు, కాంతి ఏ కోణంలో వచ్చినా ఇంచుమించు ఒకే తీరుగా స్వీకరిస్తుంది. సెన్సరు ఈ మూడింటిలోనూ వేరు. పాత లెన్సుతో మనకు ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలాభాగం, ముచ్చటల్లో కొంతభాగం ఈ తేడాల్లోంచి పుట్టినవే. ఈ రోజు చెప్పబోయేది దాన్ని గురించే.

ముందుగా దూరం సంగతి. లెన్సును బిగించే అంచు నుంచి ఫిల్ము ఉండే తలం వరకు ప్రతి కెమెరా వ్యవస్థకూ ఒక స్థిరమైన దూరం ఉంటుంది. ఈ హీలియోస్ వాడే ఎం42 మరకు, అంటే 42 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న మరకు, ఆ దూరం 45.46 మిల్లీమీటర్లు. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ మౌంటుకు, అంటే లెన్సును కెమెరాకు బిగించే ఏర్పాటుకు, 46.5. కేనన్ ఈఎఫ్‌కు 44, పాత కేనన్ ఎఫ్‌డీకి 42, మినోల్టాకు 43.5. ఇంత దూరం ఎందుకంటే, లెన్సుకూ ఫిల్ముకూ మధ్య పైకీ కిందికీ ఆడే అద్దం ఒకటి ఉండేది, దానికి చోటు కావాలి. అద్దం తీసేసిన కెమెరాల్లో ఆ అవసరం పోయింది కనుక సోనీ ఈ మౌంటులో ఆ దూరం 18 మిల్లీమీటర్లకు, నికాన్ జడ్‌లో 16కు, కేనన్ ఆర్ఎఫ్‌లో 20కి తగ్గింది. పాత లెన్సులకు మళ్లీ ప్రాణం వచ్చింది ఈ తగ్గుదల వల్లే. ఎం42 లెన్సును సోనీ కెమెరా మీద దాని సహజస్థానంలో నిలబెట్టాలంటే 45.46లో 18 తీసివేయగా మిగిలిన 27.46 మిల్లీమీటర్ల పొడవున్న బోలు గొట్టం చాలు. అందులో గాజు అక్కర్లేదు. అడాప్టర్ అంటే అంతే, రెండువైపులా రెండు రకాల మౌంట్లున్న గొట్టం.

అద్దం ఉన్న డిజిటల్ కెమెరాల కాలంలో ఇది ఇంత సులువు కాదు. అదే ఎం42 లెన్సును నికాన్ ఎఫ్ కెమెరాకు తగిలించాలనుకోండి. లెన్సు కోరే దూరం 45.46, కెమెరా ఇచ్చేది 46.5. గొట్టం మందం సున్నా అనుకున్నా లెన్సు ఉండవలసిన చోటు కంటే 1.04 మిల్లీమీటర్లు ముందుకు జరిగి నిలుస్తుంది. ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. 50 మిల్లీమీటర్ల లెన్సుకు ఆ ఒక్క మిల్లీమీటరుకే దాదాపు రెండున్నర మీటర్ల అవతల ఉన్నదేదీ ఫోకస్‌లోకి రాదు. బల్ల మీది పువ్వు వస్తుంది, కిటికీ బయటి చెట్టు రాదు. దాన్ని సరిచేయడానికి అడాప్టర్‌లో చిన్న గాజు పెట్టి అమ్మేవారు, ఇప్పటికీ అమ్ముతున్నారు. ఆ గాజు చాలావరకు లెన్సు నాణ్యతను తినేస్తుంది, ముఖ్యంగా అపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు. కేనన్ ఈఎఫ్ కెమెరాలో మాత్రం 1.46 మిల్లీమీటర్ల చోటు మిగులుతుంది కాబట్టి అక్కడ పలుచని రింగుతో పని జరిగిపోయేది. పాత లెన్సుల మీద మోజుపడిన తొలి తరం డిజిటల్ ఛాయాగ్రాహకుల్లో కేనన్ కెమెరాలవారు ఎక్కువ ఉండడానికి ఈ మిల్లీమీటరున్నర ఒక ముఖ్య కారణమని నా నమ్మకం.

అడాప్టర్ల గురించి ఇంకొక్క మాట. చౌకరకం అడాప్టర్లను చాలామంది తయారీదారులు కావాలనే వెంట్రుకవాసి పొట్టిగా చేస్తారు. పొడవైతే అనంతం, అంటే చాలా దూరంలో ఉన్నది, ఫోకస్ కాదు, కొన్నవాడు తిరిగి పంపుతాడు. పొట్టిదైతే లెన్సు అనంతాన్ని కొంచెం దాటిపోతుంది, అది ఎవరి కంటా పడదు. అందువల్ల పాత లెన్సు మీది అనంతం గుర్తును నమ్మి రాత్రిపూట నక్షత్రాలను తీయకండి. తెర మీద పెద్దది చేసి చూసుకుని తిప్పండి.

తగిలించాక కెమెరా చేసే మొదటి పని, లెన్సే లేదని మొరాయించడం. మెనూలో లెన్సు లేకున్నా షట్టర్ పడనివ్వమనే ఎంపిక ఉంటుంది, దాన్ని అనుమతించాలి. కెమెరా శరీరంలోనే చేతి కుదుపును అదుపుచేసే సదుపాయం ఉంటే లెన్సు నాభ్యంతరాన్ని చేత్తో నమోదు చేయాలి. 135 లెన్సు పెట్టి 50 అని వదిలేస్తే కుదుపు తగ్గవలసినంత తగ్గదు. అపర్చర్‌ను లెన్సు మీది రింగుతో మనమే తిప్పుతాం, కెమెరా షట్టర్ వేగాన్ని తేల్చుకుంటుంది. ఫొటోతోపాటు దాచే వివరాల్లో లెన్సు పేరూ అపర్చరూ ఉండవు. కావాలనుకున్నవారు చిన్న కాగితం మీద రాసుకోవలసిందే.

ఇక్కడ నా సొంత అవివేకం ఒకటి చెప్పుకోవాలి. పెంటాక్స్ వారి సూపర్ టకుమార్ 55 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి చేతికొచ్చిన కొత్తలో, ఒక సాయంత్రమంతా అపర్చర్‌ను ఎఫ్/8 దగ్గర పెట్టి బృంద ఛాయాచిత్రాలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే ముందు వరసవారు తేటగా ఉన్నారు, వెనక వరసవారంతా మబ్బులో ఉన్నారు. లెన్సు చెడిపోయిందనుకున్నాను. అసలు సంగతేమిటంటే, ఆ తరం ఎం42 లెన్సుల వెనకభాగంలో చిన్న పిన్ను ఉంటుంది. ఫిల్ము కెమెరా ఫొటో తీసే క్షణంలో ఆ పిన్నును నొక్కేది, అప్పుడే అపర్చర్ రేకులు మూసుకునేవి. అంతవరకు వ్యూఫైండర్ వెలుతురుగా ఉండాలని అవి తెరిచే ఉండేవి. లెన్సు పక్కన ‘ఆటో’, ‘మాన్యువల్’ అని చిన్న మీట ఉంటుంది. నేను దాన్ని ఆటోలో వదిలేశాను. నా అడాప్టర్‌కు పిన్నును నొక్కే అంచు లేదు. నేను రింగును ఎక్కడికి తిప్పినా రేకులు కదలలేదు, సాయంత్రమంతా ఎఫ్/1.8 దగ్గరే ఉండిపోయాయి. కెమెరా మాత్రం తన ధర్మం ప్రకారం షట్టర్ వేగం పెంచుకుంటూ పోయింది కాబట్టి వెలుతురులో ఏ తేడా కనిపించక నాకు అనుమానమే రాలేదు. అప్పటినుంచి కొత్తగా తగిలించిన ప్రతి పాత లెన్సునూ ముందువైపు నుంచి చూసి, రింగు తిప్పుతూ, రేకులు కదులుతున్నాయో లేదో కళ్లారా చూసుకుంటున్నాను. హీలియోస్ 44-2తో ఈ గొడవ లేదు. దానికి పిన్ను లేదు, రెండు రింగులున్నాయి. ఒకదానితో ముందే అపర్చర్ నిర్ణయించి పెట్టుకుని, పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి, రెండోదాన్ని అందినంతవరకు తిప్పితే నిర్ణయించిన చోట ఆగుతుంది. ఫిల్ము రోజుల్లో వెనకబడిన పద్ధతి అనిపించుకున్న ఈ ఏర్పాటు డిజిటల్ కెమెరా మీద ఎంతో హాయిగా ఉంటుంది.

ఇక గాజు మీది పూత. పాత లెన్సుల విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది ఇదే కనుక ఇక్కడ కొంచెం నిలబడతాను.

పూత లేని మామూలు గాజు ఉపరితలం తన మీద పడిన కాంతిలో దాదాపు 4 శాతాన్ని వెనక్కి కొడుతుంది. ఒక్క ఉపరితలానికైతే అది పెద్ద లెక్క కాదు. కానీ జైస్ సంస్థలో పౌల్ రుడాల్ఫ్ 1896లో రూపొందించిన ప్లానార్ అనే లెన్సులో గాలిని తాకే ఉపరితలాలు ఎనిమిది. ఒక్కో చోట 4 శాతం చొప్పున పోగా చివరికి చేరేది 72 శాతమే. పోయిన 28 శాతం పోయినట్టే పోతే కూడా బెంగ లేదు, కాస్త ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచవచ్చు. అది పోదు. ఉపరితలాల మధ్య అటూ ఇటూ కొట్టుకుని, అందులో కొంత చివరికి ఫిల్ము మీదే పడుతుంది. నీడలున్న చోట వెలుతురు పొరలా పరుచుకుని బొమ్మను వెలవెలబోయేలా చేస్తుంది. అందుకే ప్లానార్ ఎంత చక్కని లెక్క అయినా దశాబ్దాలపాటు వెనకబడి, ఆరే ఉపరితలాలున్న టెస్సార్, అదే రుడాల్ఫ్ చేతుల మీదుగా 1902లో వచ్చినది, రాజ్యమేలింది. 1935లో జైస్ సంస్థలోనే అలెగ్జాండర్ స్మకులా గాజు మీద అతి పలుచని పారదర్శక పూత వేసి ఈ పరావర్తనాన్ని తగ్గించే పద్ధతికి పేటెంటు సంపాదించాడు. ఆ తరవాత ప్లానార్, బయోటార్ కుటుంబానికి మంచి రోజులొచ్చాయి. మన చేతుల్లోకి వచ్చే 50 మిల్లీమీటర్ల ప్రకాశవంతమైన లెన్సుల్లో చాలాభాగం ఆ కుటుంబానివే, ఈ హీలియోస్‌తో సహా.

తమాషా ఏమిటంటే ఈ ఉపాయాన్ని ప్రకృతి అంతకు ముందే చూపించింది. ఇంగ్లండులో మూడు గాజుల ట్రిప్లెట్ లెన్సును కనిపెట్టిన డెన్నిస్ టేలర్, ఏళ్ల తరబడి గాలి తగిలి మకిలిపట్టిన కొన్ని పాత లెన్సులు కొత్తవాటి కంటే ఎక్కువ కాంతిని పంపుతున్నాయని 19వ శతాబ్దం చివరి దశాబ్దంలోనే గమనించాడు. పాతబడితే మెరుగయ్యే గాజు! ఆ మకిలి పొరే పూతలా పనిచేసిందన్నమాట.

ఒకే పొర పూత పరావర్తనాన్ని ఒకటి, ఒకటిన్నర శాతానికి తెస్తుంది. 1970ల మొదట్లో పెంటాక్స్ సంస్థ సూపర్ మల్టీ కోటెడ్ టకుమార్‌లతో పలు పొరల పూతను విరివిగా వాడుకలోకి తెచ్చాక అది అర శాతం కిందికి దిగింది. మీ చేతిలోని లెన్సు ఏ కోవకు చెందినదో తెలుసుకోవడానికి పుస్తకాలు తిరగేయనక్కర్లేదు. పైన వెలిగే దీపం ప్రతిబింబాలను లెన్సులో చూడండి. తెల్లగా ధగధగా మెరిస్తే పూత లేదు. నీలంగానో తేనెరంగులోనో ఉంటే ఒకే పొర. ఆకుపచ్చ, ఊదా, కెంపు రంగులు కలగలిసి, మసకగా, చీకట్లోంచి తొంగిచూస్తున్నట్టు ఉంటే పలు పొరలు. ఒకే పొర ఉన్న లెన్సుతో సూర్యుడికి ఎదురు నిలబడి తీస్తే నలుపు నలుపుగా రాదు, బూడిదరంగు తిరుగుతుంది. కొందరికి అదే ఇష్టం; నాకు పొద్దుటి మంచులో ఇష్టం, మిట్టమధ్యాహ్నం కాదు. ఇష్టం లేనివారు లెన్సుకు ఒక గొడుగు, అంటే హుడ్, తగిలించాలి. పాత లెన్సుకు డబ్బు ఖర్చు పెట్టి హుడ్ దగ్గర పిసినారితనం చూపేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది.

ఇప్పుడు సెన్సరు వైపు వద్దాం. సెన్సరు మెరుస్తుంది. లెన్సు దాటి వచ్చిన కాంతిలో కొంత సెన్సరు నుంచి వెనక్కి వెళ్లి, లెన్సు వెనక గాజుకు తగిలి మళ్లీ సెన్సరు మీదికే వస్తుంది. వెనక గాజు చదునుగా ఉండి, పూత అంతంతమాత్రమైతే ఫొటో మధ్యలో తెల్లటి మచ్చలాంటి వెలుగు కనిపిస్తుంది, అపర్చర్ మూసేకొద్దీ అది మరీ స్పష్టమవుతుంది. ఫిల్ము మీద ఏనాడూ ఈ మచ్చ చూపని లెన్సులు డిజిటల్‌లో చూపడం చూసి పాత యజమానులు బిత్తరపోతుంటారు.

అంతకంటే లోతైనది సెన్సరు ముందుండే గాజు పలక. పరారుణ కిరణాలను ఆపడానికీ, సెన్సరును కాపాడడానికీ పెట్టిన ఈ పలక చాలా కెమెరాల్లో దాదాపు 2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. కిరణాలు నిటారుగా వస్తే దీనితో బాధలేదు. అద్దం ఉన్న కెమెరాల కోసం చేసిన లెన్సులన్నీ సెన్సరుకు తగినంత దూరంలో ఉంటాయి కాబట్టి వాటి కిరణాలు పెద్దగా ఏటవాలుగా రావు. రేంజ్‌ఫైండర్ కెమెరాల, అంటే అద్దం లేకుండా విడి కిటికీలోంచి చూసి తీసే ఫిల్ము కెమెరాల, వెడల్పాటి లెన్సుల (విశాలమైన దృశ్యాన్ని పట్టేవాటి) సంగతి వేరు. వాటికి అద్దం అడ్డు లేదు కనుక 21, 28 మిల్లీమీటర్ల లెన్సుల వెనక గాజు ఫిల్మును ఇంచుమించు తాకేంత దగ్గరికి వెళుతుంది. అంచుల వైపు కిరణాలు బాగా ఏటవాలుగా పడతాయి, గాజు పలకలో వంగుతాయి, ఫోకస్ తప్పుతాయి. మూలలు అలుక్కుపోతాయి, అంచుల్లో ఊదా ఛాయ తేలుతుంది. లైకా తన డిజిటల్ ఎం కెమెరాల్లో ఈ పలకను ఒక మిల్లీమీటరు లోపుకు పలుచన చేసింది తన పాత లెన్సుల కోసమే. కాబట్టి మొదటి పాత లెన్సు కొనబోతున్నవారికి నా సలహా: 50, 85, 135 మిల్లీమీటర్లలో, అద్దం ఉన్న కెమెరాలకు చేసినదాన్ని తీసుకోండి. వెడల్పాటి పాత లెన్సుల జోలికి వెళితే నిరాశ పాలు ఎక్కువ.

ఇక హీలియోస్ పేరు చెప్పగానే అందరూ అడిగేది, వెనక ఆకులన్నీ గిరగిరా తిరుగుతున్నట్టు కనిపించే నేపథ్యం గురించి. అందులో రహస్యం లేదు. చట్రం అంచుల వైపు వెళ్లే కాంతిని లెన్సు గొట్టమే కొంత కత్తిరిస్తుంది, దానితో ఫోకస్‌లో లేని వెలుగుచుక్కలు గుండ్రంగా కాక పిల్లికన్నులా సన్నబడి, చట్రం మధ్యబిందువు చుట్టూ వరస తీరుతాయి. అంచుల్లో సరిగా దిద్దని లెన్సు దోషం దానికి తోడవుతుంది. వెనక దట్టమైన ఆకులు, వాటి సందుల్లో వెలుగు, మనిషి రెండు మీటర్ల లోపు, అపర్చర్ పూర్తిగా తెరిచి ఉంటే సుడి తిరుగుతుంది. ఎఫ్/4కు మూస్తే మాయమవుతుంది. చిన్న సెన్సరున్న కెమెరాలో సుడి పుట్టే అంచులే కత్తిరించబడతాయి కాబట్టి దాని కోసం కొన్నవారు పూర్తి చట్రపు కెమెరా, అంటే 35 మిల్లీమీటర్ల ఫిల్ము చట్రమంత సెన్సరున్నది, చూసుకోవాలి. అంచులు పోవడం వల్ల ఆ చిన్న సెన్సరు మీద 58 మిల్లీమీటర్ల లెన్సు దాదాపు ఒకటిన్నర రెట్లు, అంటే 87 మిల్లీమీటర్లదానిలా ఇరుకుగా చూస్తుంది. నా మట్టుకు నాకు సుడి మొదటి పది ఫొటోల్లో అద్భుతం, నూరో ఫొటోకు మొహంమొత్తింది. ఈ లెన్సును ఎఫ్/2.8 దగ్గర, ముఖాల మీద మెత్తగా పడే వెలుతురులో వాడడమే నాకు నచ్చుతుంది.

ఫోకస్ చేత్తో చేయడం గురించి భయపడేవారు ఎక్కువ. నిజానికి పాత లెన్సును ఫోకస్ చేయడానికి డిజిటల్ కెమెరాయే దాని సొంత కెమెరా కంటే మేలైన సాధనం. అంచులకు రంగు పూసి చూపే పీకింగ్ ఉంది, కంటిరెప్పను పదింతలు చేసి చూపే మాగ్నిఫికేషన్ ఉంది. పీకింగ్‌ను దూరపు విషయాలకు నమ్మవచ్చు, ఎఫ్/1.4 దగ్గర నమ్మితే మోసపోతారు. మీటరు దూరంలో, 50 మిల్లీమీటర్ల లెన్సుతో, ఎఫ్/1.4 దగ్గర తేటగా ఉండే మందం మూడున్నర సెంటీమీటర్ల లోపే. అది కూడా పాత లెక్క ప్రకారం.

ఆ పాత లెక్క ఏమిటో చెబుతాను, ఎందుకంటే ఇది చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. లెన్సు గొట్టం మీద ఫోకస్ గుర్తుకు ఇరువైపులా 4, 8, 16 అని గీతలుంటాయి. ఎఫ్/8 పెడితే రెండు 8 గీతల మధ్య ఉన్న దూరమంతా తేటగా ఉంటుందని వాటి అర్థం. ఆ గీతలు గీసినవారు ఫిల్ము మీద మిల్లీమీటరులో 3 వందోవంతు చుక్కను కూడా బిందువుగానే లెక్కవేశారు, చేతిలో పట్టుకునే అచ్చు ఫొటోకు అది చాలు. 24 మెగాపిక్సెళ్ల పూర్తి చట్రపు సెన్సరులో ఒక్కో పిక్సెలు వెడల్పు మిల్లీమీటరులో దాదాపు 6 వెయ్యోవంతులు. అంటే పాత లెక్కలో బిందువు అనుకున్నది ఇక్కడ అయిదు పిక్సెళ్ల వెడల్పున్న మసక. తెర మీద పూర్తి పరిమాణంలో చూసేవారికి ఆ గీతలు అబద్ధం చెబుతున్నట్టు అనిపిస్తుంది. నేను పాటించేది సులువైన పద్ధతి: అపర్చర్ ఎఫ్/11 పెడతాను, గీతలు మాత్రం ఎఫ్/5.6వి చూస్తాను.

చివరిగా, కొనేముందు చూసుకోవలసినవి. గాజు మీది చిన్న గీతలు, లోపలి దుమ్ము బొమ్మను పెద్దగా పాడుచేయవు. చేటు చేసేవి రెండు, పొగమంచులాంటి మసక, బూజు. పట్టపగలు లెన్సును పైకెత్తి చూస్తే ఇవి తెలియవు. అపర్చర్ పూర్తిగా తెరిచి, చీకటి మూలకు వెళ్లి, వెనకవైపు నుంచి టార్చి వెలుతురును ఏటవాలుగా వేస్తూ ముందునుంచి చూడాలి. మసక అయితే గాజంతా పాలు కలిపినట్టు వెలుగుతుంది. బూజు అయితే సాలెగూడులా, వేళ్లు చాచినట్టు, సన్నని పోగులు కనిపిస్తాయి. తొలిదశలో శుభ్రం చేయవచ్చు, ముదిరితే అది పూతనూ గాజునూ తిని శాశ్వతమైన మచ్చ వదులుతుంది. తేమ 60 శాతం దాటిన చోట లెన్సులను తోలుసంచిలో మూసి దాచడం బూజును పెంచి పోషించడమే.

పసుపుపచ్చగా మారిన లెన్సు కనబడితే మాత్రం వదులుకోకండి. వక్రీభవనం ఎక్కువ కావాలని ఒకప్పుడు కొన్ని గాజుల్లో థోరియం కలిపేవారు. ఏడు గాజులున్న సూపర్ టకుమార్ 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.4 అలాంటిదే. థోరియం స్వల్పంగా రేడియోధార్మికం. ఆ కిరణాలు ఏళ్ల తరబడి గాజులోనే పనిచేసి దాన్ని పసుపు చేస్తాయి. మామూలుగా ఫొటోలు తీసుకోవడానికి భయపడవలసినదేమీ లేదు, ఆ గాజును అరగదీసి పొడి చేయడం లాంటి పనులు మాత్రం కూడదు. కొన్ని రోజులు, అవసరమైతే కొన్ని వారాలు అతినీలలోహిత దీపం కింద పెడితే పసుపు చాలావరకు విరిగిపోతుంది. ఎండలోనూ విరుగుతుంది, కానీ లెన్సు సూర్యుణ్ణి ఎక్కడ కేంద్రీకరిస్తోందో చూసుకోండి. నా కిటికీ చెక్క మీద నల్లగా కాలిన గుర్తు ఒకటి ఇప్పటికీ ఉంది.

ఈ బల్ల మీద మూడు లెన్సులు పెట్టాను. ఒకదానికి పూత లేదు, ఒకదానికి ఒకే పొర, మూడోదానికి పలు పొరలు. వాటిలో ఒకదాని లోపల బూజు ఉంది, అది ఏదన్నది నేను చెప్పను. టార్చి పక్కనే ఉంది, దీపాలు తగ్గించమని అడుగుతాను.